బాంబు ముందు భయపడేవాడి పక్షాన

‘ది హర్ట్ లాకర్’ సినిమాను మెచ్చుకునేవాళ్లంతా ఒకే మనిషి గురించి మాట్లాడతారు. సార్జెంట్ విలియం జేమ్స్. బాగ్దాద్ వీధుల్లో బాంబులు నిర్వీర్యం చేసే అమెరికా సైనికుడు. రోబోను పక్కన పెట్టి నేరుగా బాంబు దగ్గరికి నడిచిపోతాడు. చెవికి పెట్టుకున్న రేడియో తీసి అవతల పారేస్తాడు. చావు తప్పనప్పుడు హాయిగానే చస్తానని చెప్పి బరువైన రక్షణ కవచం విప్పేస్తాడు. ఆ పాత్రకు జెరెమీ రెన్నర్ ప్రాణం పోశాడు, అందులో సందేహం లేదు. కానీ నా దృష్టిలో ఆ సినిమాకు నాయకుడు అతడు కాదు. అతని వెనుక తుపాకీ పట్టుకుని, చుట్టూ ఉన్న మేడల మీదికి చూపు తిప్పుతూ, చెమటలు కారుస్తూ, రేడియోలో జవాబు చెప్పమని గొంతు చించుకునే సార్జెంట్ సాన్‌బర్న్ అసలైన నాయకుడు. ఆంథనీ మాకీ వేసిన పాత్ర. అతని గురించి ఎవరూ నాలుగు వాక్యాలు రాయగా నేను చూడలేదు. అందుకే ఇంత పొడుగున రాస్తున్నాను.

నేనుండేది కడపలో. మా మేనమామ ఎర్రగుంట్ల దగ్గర సున్నపురాయి గనిలో బ్లాస్టింగ్ పని, అంటే మందు పెట్టి బండలు పేల్చే పని, చేసి రిటైరయ్యాడు. పేలుడు గురించి నాకు తెలిసినదంతా రెండు దారుల్లో వచ్చింది. ఒకటి మామ చెప్పిన గని సంగతులు. రెండోది ఈ జిల్లా గురించి సినిమాలూ పత్రికలూ చెబుతూ వచ్చిన ఫ్యాక్షన్ కథలు. మామ మాటల్లో పేలుడు ఒక పని. సినిమాల్లో అదొక పౌరుషం. ఒకే నేల మీద పుట్టిన ఈ రెండు రకాల కథలూ ఎక్కడా కలవకపోవడం నన్ను చాలా కాలంగా బాధపెడుతోంది. ఎక్కడో ఇరాక్ యుద్ధం మీద తీసిన సినిమా ఆ రెంటినీ నా ముందు ఒకచోట నిలబెట్టింది.

సినిమా సంగతి కొంత చెప్పాలి. దీనికి కథ రాసిన మార్క్ బోల్ పాత్రికేయుడు. 2004లో ఇరాక్ వెళ్లి, అమెరికా సైన్యపు బాంబు నిర్వీర్య దళంతో కలిసి తిరిగి, వాళ్ల పని దగ్గరుండి చూసి వచ్చాడు. కాథరిన్ బిగెలో దర్శకత్వం వహించారు. ఇరాక్ పక్కనే ఉన్న జోర్డాన్‌లో, మండే ఎండల్లో చిత్రీకరించారు. ఛాయాగ్రాహకుడు బారీ అక్రాయిడ్ చిన్న ఫిల్మ్ కెమెరాలను ఒకేసారి నాలుగు వైపులా పెట్టి తీశాడు. అందుకే ఒక్కో సన్నివేశంలో మనం ఆ వీధిలోనే ఏదో గోడ చాటున నక్కి చూస్తున్నట్టుంటుంది. 2010 మార్చి 7న జరిగిన ఆస్కార్ వేడుకలో ఉత్తమ చిత్రంతో కలిపి ఆరు అవార్డులు వచ్చాయి. ఉత్తమ దర్శకత్వానికి ఆస్కార్ అందుకున్న తొలి మహిళ బిగెలో. ఇవన్నీ అందరికీ తెలిసిన విషయాలే. నేను మాట్లాడాలనుకున్నది తెర మీద పని ఎలా జరుగుతుందన్న దాని గురించి.

మొదటి సన్నివేశం చూడండి. జేమ్స్ ఇంకా కథలోకి రాలేదు. దళ నాయకుడు థాంప్సన్. గై పియర్స్ వేశాడు. రోడ్డు మీద గోనె కింద ఫిరంగి గుండు ఉంది. మనిషి వెళ్లకుండా రోబోను పంపుతారు. దాని వెనుక కట్టిన చిన్న బండి చక్రం ఊడిపోతుంది. అంతే, ఇక మనిషి వెళ్లక తప్పదు. థాంప్సన్ కవచం తొడుక్కుని నడుస్తాడు. పద్ధతి ప్రకారమే వెళ్తాడు, పద్ధతి ప్రకారమే బాంబు దగ్గర పేలుడు మందు అమర్చి వెనక్కి తిరుగుతాడు. ఇంతలో పక్కనున్న మాంసం దుకాణంలో ఒకతను సెల్‌ఫోను చేతిలోకి తీసుకుంటాడు. కుర్ర సైనికుడు ఎల్‌డ్రిడ్జ్ తుపాకీ గురిపెడతాడు, కాల్చలేకపోతాడు. బాంబు పేలుతుంది. పేలుడును మంటగా చూపించదు బిగెలో. నేల మీది కంకర నెమ్మదిగా పైకి లేస్తుంది. పక్కనున్న పాత కారు పైకప్పు మీది తుప్పు పొరలు పొరలుగా విడివడి గాలిలో తేలుతుంది. ఆ తర్వాతే థాంప్సన్ పడిపోతాడు.

మామతో కలిసి ఈ సినిమా చూశాను. ఇంగ్లీషు ఆయనకు అంతగా రాదు, అవసరమూ పడలేదు. కంకర పైకి లేచిన చోట ఆయన ‘అంతే, అట్లాగే ఉంటుంది’ అన్నాడు. గనిలో బ్లాస్టింగ్ జరిగినప్పుడు శబ్దం వినబడటానికి ముందు కాళ్ల కింది నేల కదులుతుందట. దూరం నుంచి చూసేవాడికి ముందు బండ ఉబ్బినట్టు కనబడి, ఆ తర్వాతే దుమ్ము, చప్పుడు. మన సినిమాల్లో మాత్రం ముందు మంట, పైకెగిరే సుమో, తర్వాత నేపథ్య సంగీతం. ఆయన జీవితమంతా పేలుడు మధ్య గడిపిన మనిషి, ఒక్క తెలుగు సినిమాలోనూ పేలుడును గుర్తుపట్టలేదు. ఇరాక్ మీద తీసిన సినిమాలో గుర్తుపట్టాడు.

జేమ్స్ వచ్చాక మామ ముఖం మారింది. జేమ్స్ తన మొదటి పనిలోనే రోబో వద్దంటాడు. కవచం తొడుక్కుని, పొగ గుండు విసిరి, ఆ పొగలో నడిచిపోతాడు. వెనుక కాపలా ఉన్న సాన్‌బర్న్‌కు అతడు కనబడడు. రేడియోలో అడిగితే జవాబు లేదు. మామ కుర్చీలో ముందుకు వంగి ‘తోడున్న వాడికి కనబడకుండా పోతే ఎట్లా, అబ్బీ? వీడు బతకడు, లేదా పక్కవాణ్ణి బతకనివ్వడు’ అన్నాడు. నేను జేమ్స్ ధైర్యం గురించి ఏదో అన్నాను. ‘ధైర్యం కాదు, అది పని తెలియకపోవడం’ అని తేల్చేశాడు.

ఆయన ఆ మాట ఎందుకన్నాడో తెలియాలంటే గనిలో పేలని రంధ్రం గురించి తెలియాలి. బండలో వరుసగా రంధ్రాలు వేసి, వాటిలో మందు కూరి, వత్తి అంటించి, సైరన్ మోగించి, ఎర్రజెండాలు పాతి అందరూ దూరం జరుగుతారు. అప్పటి పద్ధతిలో బ్లాస్టర్ చేయవలసిన ముఖ్యమైన పని చెవులు రిక్కించి శబ్దాలు లెక్కపెట్టడం. పన్నెండు రంధ్రాలకు పదకొండు శబ్దాలే వినబడితే ఒకటి లోపల బతికే ఉందన్న మాట. ఇక ఎవరూ కదలకూడదు. నిబంధన చెప్పినంత సేపూ కూర్చోవాలి. లారీలు వచ్చి ఆగి ఉంటాయి, పైనుంచి ఆలస్యమెందుకని అడుగుతుంటారు, ఎండ నెత్తి మీద ఉంటుంది. అయినా కూర్చోవాలి. ఆ సమయం గడిచాక బ్లాస్టర్ వెళ్లి ఆ రంధ్రాన్ని వెతుకుతాడు. అందులోని డిటోనేటర్‌ను, అంటే మందును పేల్చే చిన్న గొట్టాన్ని, పట్టి లాగకూడదు. ఆ రంధ్రంలోనే మళ్లీ డ్రిల్ దించకూడదు. కొంత దూరం విడిచి, దానికి సమాంతరంగా మరో రంధ్రం వేసి, కొత్త మందుతో దానినీ కలిపి పేల్చాలి. ఈ పనిలో చురుకుదనం పనికిరాదు. మామ పని చేసిన చోట ఇంట్లో గొడవపడి వచ్చినవాడిని ఆ రోజు మందు ముట్టుకోనిచ్చేవారు కాదట. ఆయన సర్వీసులో చూసిన చావులన్నీ తొందరవల్ల జరిగినవే.

పేలుడు మందు కడప జిల్లాలో ఫ్యాక్షన్ కోసమే ఉన్నట్టు బయటివాళ్లు అనుకుంటారు. 2021 మే 8న కలసపాడు మండలం మామిళ్లపల్లె దగ్గర గనిలో జిలెటిన్ స్టిక్స్ వాహనం నుంచి దించుతుండగా పేలి పది మంది కూలీలు చనిపోయారు. శరీరాలు గుర్తుపట్టే స్థితిలో లేవు. కక్షలూ పగలూ ఏమీ లేవు అక్కడ. కూలి పని చేసుకునే మనుషులు పొద్దున్నే వెళ్లి తిరిగి రాలేదు. ఈ నేల మీద పేలుడుకు బలైనవాళ్లలో వాళ్లూ ఉన్నారు. వాళ్ల మీద సినిమా రాదు.

సినిమాలోని జేమ్స్ దగ్గరికి వస్తాను. ఐక్యరాజ్యసమితి భవనం ముందు కారు బాంబు సన్నివేశం ఈ చర్చకు గుండెకాయ. కారు డిక్కీ నిండా ఫిరంగి గుండ్లు. భవనం ఖాళీ చేయించారు. సాన్‌బర్న్ చెప్పేది చాలా సాదాగా ఉంటుంది: మనుషులు బయటపడ్డారు, ఇక ఇంజనీర్లు చూసుకుంటారు, వచ్చేయ్. జేమ్స్ వినడు. కవచం విప్పి, రేడియో విసిరేసి, తీగ ఎక్కడుందో దొరికేదాకా సీట్లు చీల్చుతూ కూర్చుంటాడు. ఆ సమయమంతా సాన్‌బర్న్, ఎల్‌డ్రిడ్జ్ నడివీధిలో, వందల కిటికీల మధ్య నిలబడి ఉండాలి. ఒకడి పట్టుదలకు ఇద్దరి ప్రాణాలు పణం. చివరికి బాంబు నిర్వీర్యమవుతుంది. సాన్‌బర్న్ వచ్చి జేమ్స్ ముఖం మీద ఒక్కటి ఇస్తాడు. వెంటనే ఒక కల్నల్ వచ్చి జేమ్స్‌ను ఆకాశానికెత్తి, ఇప్పటికి ఎన్ని బాంబులు తీశావని అడుగుతాడు. 873 అంటాడు జేమ్స్. కల్నల్ కళ్లు మెరుస్తాయి. సాన్‌బర్న్‌ను ఆ కల్నల్ కన్నెత్తి కూడా చూడడు. ప్రేక్షకుల్లో చాలామంది ఆ కల్నల్ పక్షానే చేరిపోయారని నా ఫిర్యాదు.

ఇరాక్‌లో పనిచేసి వచ్చిన అమెరికా మాజీ సైనికులు కొందరు ఈ సినిమా మీద గట్టిగానే విరుచుకుపడ్డారు. బాంబు నిర్వీర్య దళంలో ఇలాంటివాడిని ఒక్కరోజు కూడా ఉండనివ్వరని, ఒకే వాహనంలో ముగ్గురు ఊరంతా తిరగడం జరగని పని అని అన్నారు. వాళ్ల మాట నిజమే అయినా, సినిమా మొత్తం అబద్ధమని నేను ఒప్పుకోను. యుద్ధం మత్తుమందు అని మొదటి అక్షరాల్లోనే చెప్పి మొదలైన సినిమా ఇది. జేమ్స్ ఆ మత్తుకు బానిస. తనను చంపబోయిన బాంబుల ముక్కలను మంచం కింద పెట్టెలో దాచుకుంటాడు. ఇంటికి వెళ్తే దుకాణంలో అటుకుల డబ్బాల వరుస ముందు ఏది తీసుకోవాలో తెలియక నిలబడిపోతాడు. చంటిబిడ్డను ముందు కూర్చోబెట్టుకుని, వయసు పెరిగేకొద్దీ ఇష్టమైనవి తగ్గిపోతాయని, తనకిప్పుడు ఒక్కటే మిగిలిందని చెబుతాడు. ఆ ఒక్కటి కోసం మళ్లీ 365 రోజుల డ్యూటీకి తిరిగి వెళ్లిపోతాడు. ఇది జబ్బు. కథ దాన్ని జబ్బుగానే రాసింది. కెమెరా మాత్రం అతని వెంటే నడిచి, అతని చేతుల దగ్గరే ఆగి, ఆ జబ్బుకు అందం తెచ్చిపెట్టింది. బిగెలోతో నా పేచీ అంతా ఇక్కడే.

సాన్‌బర్న్ మచ్చలేనివాడని నేననడం లేదు. ఎడారిలో ఒకసారి జేమ్స్ చేతి తొడుగుల కోసం వెనక్కి వెళ్తే, అతన్ని అక్కడే పేల్చేస్తే ప్రమాదం ఖాతాలో పోతుందని ఎల్‌డ్రిడ్జ్‌తో మాట్లాడతాడు. భయం మనిషిని ఎంత దూరం తీసుకెళ్తుందో ఆ మాటలో ఉంది. కానీ చివర్లో, ఒంటికి బాంబు బిగించి తాళాలు వేసిన మనిషిని కాపాడలేక వెనుదిరిగినప్పుడు, బండిలో కూర్చుని సాన్‌బర్న్ ఏడుస్తాడు. చావడానికి తాను సిద్ధంగా లేనని, తనకొక కొడుకు కావాలని అంటాడు. ఇంతటి పని నువ్వెలా చేయగలుగుతున్నావని జేమ్స్‌ను అడుగుతాడు. జేమ్స్ దగ్గర జవాబు లేదు, తాను దాని గురించి ఆలోచించనంటాడు. ఆలోచించకుండా బాంబు దగ్గరికి వెళ్లినవాడికి నేను చేతులెత్తి మొక్కలేను. ఆలోచించి, వణికి, ఇల్లు తలచుకుని, అయినా మర్నాడు అదే బండి ఎక్కినవాడికి మొక్కుతాను.

ఇంకో పేచీ కూడా ఉంది. అది ఈ ప్రాంతం మనిషిగా నాకు తట్టిన పేచీ. సినిమా పొడవునా బాగ్దాద్ జనం కిటికీల్లో, మేడల మీద, మసీదు మినార్ల మీద నిలబడి చూస్తుంటారు. కారు బాంబు దగ్గర ఒకతను వీడియో కెమెరాతో చిత్రిస్తుంటాడు. ప్రతి ముఖమూ అనుమానం. ఎవరి చేతిలో ఫోనుందో, ఎవరు మీట నొక్కుతారో. సైనికుల వైపు నుంచి చూస్తే అది న్యాయమైన భయమే. కానీ ఆ మేడల మీది వాళ్లకు అది సొంత వీధి. ఆ బాంబు వాళ్ల గుమ్మం ముందుంది. పేలితే ముందు పోయేది వాళ్ల పిల్లలు. వాళ్లు అనుమానితులుగా తప్ప మనుషులుగా తెర మీదికి రారు. బెక్‌హామ్ అని పేరు పెట్టుకున్న డీవీడీలు అమ్మే కుర్రాడిలాంటి ఒకరిద్దరికి తప్ప ఎవరికీ పేరైనా లేదు.

ఆ కిటికీల్లోని వాళ్లను చూస్తే నాకు మావాళ్లే కనిపించారు. 1999లో ‘సమరసింహారెడ్డి’ విజయం తర్వాత దాదాపు పదేళ్లు తెలుగు సినిమా రాయలసీమను తెర మీదికి ఎక్కించిన తీరు అదే. కత్తి పట్టుకున్న గుంపు, బాంబు విసిరే చెయ్యి, మీసం, తెల్లచొక్కా. సీమలో బడికి వెళ్లే పిల్లలు, వేరుశనగ కాయలు ఒలిచే ఆడవాళ్లు, బస్సు కోసం నిలబడిన ముసలివాళ్లు పేలుడు జరిగినప్పుడు పరుగెత్తే గుంపుగానే ఉంటారు. కడప అని చెప్పగానే హైదరాబాదులో అద్దె ఇంటి యజమాని ముఖం మారడం నా తరం వాళ్లలో చాలామందికి అనుభవం. 2018లో ‘అరవింద సమేత’ వచ్చి, కథానాయకుడు పగ ఆపడానికి తిరగడం చూపించింది. నాకు అది గొప్ప ఊరట. అయినా అందులోనూ మన కళ్లు చెదిరేది నరికే సన్నివేశాల దగ్గరే.

సినిమాకూ బాంబుకూ ఈ సీమలో ఉన్న సంబంధం తెర మీదే ఆగలేదు. 1997 నవంబరు 19న హైదరాబాదు జూబ్లీహిల్స్‌లో, తన తండ్రి జీవితం మీద తీస్తున్న సినిమా ప్రారంభోత్సవం నుంచి బయటికి వస్తున్న అనంతపురం జిల్లా నాయకుడు పరిటాల రవి లక్ష్యంగా కారు బాంబు పేలింది. రవి గాయాలతో బయటపడ్డారు. 26 మంది చనిపోయారు. వాళ్లలో ఆ కార్యక్రమాన్ని చిత్రించడానికి వచ్చిన టీవీ సిబ్బంది ఉన్నారు. అనంతపురం కక్షతో ఏ సంబంధమూ లేక, కెమెరా భుజాన వేసుకుని ఆ రోజు పని మీద వచ్చినవాళ్లు. ఇంత జరిగిన తర్వాత కూడా మన పరిశ్రమ బాంబును వీరత్వపు గుర్తుగా వాడుకోవడం ఆపలేదు. ఇది తలచుకుంటే నాకు ఇప్పటికీ కోపం వస్తుంది.

మరి ఆ బాంబులను తీసేసేవాళ్లు? ప్రతి ఎన్నికల ముందూ ఇక్కడి పత్రికల్లో ఒక రకమైన వార్త వస్తుంది. ఫలానా ఊరి గడ్డివామిలో బకెట్లో నాటు బాంబులు దొరికాయి, బాంబ్ స్క్వాడ్ వాటిని నిర్వీర్యం చేసింది. వార్తలో నిందితుల పేర్లుంటాయి, ఎస్సై, సీఐ, డీఎస్పీ పేర్లుంటాయి. పక్కన ఫోటో: వరుసగా నిలబడ్డ అధికారులు. ఆ బకెట్లోకి చెయ్యి పెట్టిన కానిస్టేబుల్ పేరు మాత్రం ఎక్కడా ఉండదు. నాటు బాంబుకు సినిమాల్లోలా ఎర్ర తీగ, నీలి తీగ ఉండవు. కత్తిరించడానికి ఏమీ లేదు. రాపిడికో, కుదుపుకో, చేజారి పడితేనో పేలే గుణం దాని మందులోనే ఉంది. ఎవరు చుట్టారో, ఎంత బిగించారో, ఎన్ని ఎండాకాలాలు ఆ గడ్డిలో మగ్గిందో తీసేవాడికి తెలియదు. పాతబడితే దాని బలం తగ్గుతుందని అనుకోవడం అమాయకత్వం. అడవి పందుల కోసం చేల గట్ల మీద పెట్టేవి కూడా ఇలాంటివే, వాటిని కొరికి దవడలు పగిలిన ఆవులు ఎన్నో. బంతి అనుకుని పిల్లలు చేతిలోకి తీసుకున్న వార్తలూ చదివాం.

ఆ పని చేసే ఒకాయనను కడపలో ఒక సభ దగ్గర చాలాసేపు గమనించాను. మంత్రి రావడానికి ముందు తనిఖీ. పొడవాటి కర్రకు బిగించిన అద్దాన్ని బండ్ల కిందికి తోసి చూస్తున్నాడు. వేదిక కింద దూరాడు. పూలకుండీలు ఒక్కొక్కటీ వేళ్లతో తడిమాడు. కుర్చీల వరుసల మధ్య జాగిలం వెళ్తుంటే దాని తోక కదలిక మీదే చూపు పెట్టాడు. అది మే నెల, కడప ఎండ ఎలా ఉంటుందో చెప్పనక్కర్లేదు. ముప్పై అయిదు కిలోల పైచిలుకు ఉండే రక్షణ కవచం ఆ ఎండలో తొడుక్కుంటే లోపల మనిషి ఏమవుతాడో ఊహించండి. జేమ్స్ దాన్ని విప్పేసినప్పుడు మనకు స్టైల్‌గా కనబడింది. ఇక్కడ దాన్ని విప్పాలనిపించినా విప్పకుండా ఉండటమే ఉద్యోగం. తనిఖీ అంతా అయ్యాక ఆయన మొదలుపెట్టిన పూలకుండీ దగ్గరికి మళ్లీ వెళ్లాడు, మళ్లీ తడిమాడు. ఆ రెండోసారి తడమడంలో నాకు సాన్‌బర్న్ కనబడ్డాడు.

నా వాదానికి అడ్డం వచ్చే మనిషి ఒకడున్నాడు, ఆయన గురించి చెప్పకపోతే న్యాయం కాదు. ఫఖీర్ బెర్వారీ, ఇరాక్‌కు చెందిన కుర్దు సైనికాధికారి. 2003 తర్వాత మోసుల్‌లో వందల బాంబులు తన చేతులతో తీశాడు. కవచం లేదు, రోబో లేదు. తీగలు కత్తిరించే పటకారు, చిన్న కత్తి. ఆయన పని చేస్తుండగా తోటివాళ్లు తీసిన వీడియోలతో 2017లో ‘ద డీమైనర్’ అనే డాక్యుమెంటరీ వచ్చింది. చూస్తుంటే ఒళ్లు గగుర్పొడుస్తుంది. జేమ్స్ కన్నా తెగించినవాడు. ఒక కాలు పోగొట్టుకున్నాడు, కృత్రిమ కాలితో మళ్లీ పనిలోకి వచ్చాడు. 2014లో బాంబులు అమర్చిన ఒక ఇంట్లో చనిపోయాడు. మరి ఈయనను ఏమనాలి? మామకు ఆయన సంగతి చెబితే కాసేపు ఆలోచించి, ‘ఆయనకు రోబో ఇచ్చి ఉంటే వాడేవాడు’ అన్నాడు. అదే తేడా. ఫఖీర్ చేతిలో ఏమీ లేక చేతులతో తీశాడు, ఆ వీధుల్లో తిరిగేది తనవాళ్లు కాబట్టి ఆగలేకపోయాడు. జేమ్స్ అన్నీ ఉండి పక్కన పెట్టాడు. పైగా హాలీవుడ్ కిటికీలో నిలబెట్టి అనుమానంగా చూసిన జనం నుంచే ఫఖీర్ వచ్చాడు.

మనకూ ఇలాంటి వారసత్వం లేకపోలేదు. 1941లో అబిసీనియాలో (ఇప్పటి ఇథియోపియా) సెకండ్ లెఫ్టినెంట్ ప్రేమింద్ర సింగ్ భగత్ నాలుగు రోజుల పాటు 55 మైళ్ల దారిలో 15 మందుపాతరల క్షేత్రాలు శుభ్రం చేసి, బ్రిటిష్ వాళ్ల అత్యున్నత శౌర్య పతకం విక్టోరియా క్రాస్ అందుకున్నాడు. 1944 ఫిబ్రవరి 24న ఇటలీలో సైన్యపు ఇంజనీరింగ్ దళం మద్రాసు సాపర్స్‌కు చెందిన సుబేదార్ సుబ్రమణియన్, తన వెంట ఉన్నవాళ్లను కాపాడటానికి పేలబోతున్న మందుపాతర మీద పడి ప్రాణమిచ్చాడు. మరణానంతరం ఆయనకు జార్జ్ క్రాస్ అనే శౌర్య పతకం ఇచ్చారు. అదే మద్రాసు సాపర్స్‌లో తెలుగువాళ్లు తరతరాలుగా పనిచేస్తున్నారు. ఈ పేర్లు మన బడి పుస్తకాల్లో నాకెక్కడా తగల్లేదు.

ఇలాంటి కథ తెలుగులో తీయమంటే నిర్మాత అడిగే మొదటి ప్రశ్న నాకు తెలుసు: బాంబు పేలకపోతే చూడటానికి ఏముంది? ‘ది హర్ట్ లాకర్’ మీద నాకెన్ని పేచీలున్నా ఈ ప్రశ్నకు మాత్రం అది తిరుగులేని జవాబు. అందులో జనం ఊపిరి బిగపట్టిన సన్నివేశాలు ఏవో గుర్తు తెచ్చుకోండి. జేమ్స్ నేలలోని ఒక తీగ పట్టుకుని లాగితే చుట్టూ మట్టిలోంచి ఫిరంగి గుండ్లు వరుసగా పైకి లేస్తాయి. ఒక్కటీ పేలదు. ఐక్యరాజ్యసమితి కారు బాంబు పేలదు. పేలకపోవడమే అక్కడ కథ. కోటిన్నర డాలర్లతో తీసిన ఆ సినిమా, అదే ఏడు ఇరవై కోట్ల డాలర్లకు పైగా ఖర్చుతో వచ్చిన ‘అవతార్’ను దాటి ఉత్తమ చిత్రం అయింది. డబ్బు లేదన్న సాకు కూడా నిలవదు.

నాకు కావలసిన తెలుగు సినిమాలో ఒక జిల్లా బాంబ్ స్క్వాడ్ ఉండాలి. ఇద్దరు కానిస్టేబుళ్లు, ఒక హెడ్ కానిస్టేబుల్, ఒక జాగిలం, ఎప్పుడూ మొరాయించే ఒక జీపు. వాళ్లలో ఎవడూ నిర్భయుడు కాకూడదు. గడ్డివామి చుట్టూ చేరిన ఊరివాళ్లకు పేర్లుండాలి, ఇళ్లుండాలి, ఆ బకెట్ ఎవరు పెట్టారో తెలిసీ చెప్పలేని తల్లి ఒకామె ఉండాలి. కథకుడు హైదరాబాదులో కూర్చుని ఊహించి రాయకూడదు. మార్క్ బోల్ ముందు దళంతో తిరిగాడు, తర్వాతే కలం పట్టాడు. ఈ జిల్లాల్లో ఫ్యాక్షన్ ముమ్మరంగా ఉన్న రోజుల్లో ఆ పని చేసిన కానిస్టేబుళ్లు కొందరు ఇప్పటికే రిటైరయ్యారు, మిగతావాళ్లు ఆ వయసుకు దగ్గరపడ్డారు. వాళ్లను అడిగినవాళ్లు లేరు. కాచిగూడలో రాత్రి రైలెక్కితే తెల్లవారేసరికి కడపలో దిగవచ్చు.